నీళ్ళు ముందు, వల చివర: ఫిషరీస్ విద్యార్థులకు ఫీల్డ్ పని పద్ధతి

చెరువు గట్టెక్కగానే అందరి చూపూ వల మీదే ఉంటుంది. వల వేస్తే చేప పడుతుంది, చేప పడితే ఫొటోలు పడతాయి. చిక్కేమిటంటే, వల ఒక్కసారి లాగితే చాలు, అడుగు బురదంతా పైకి లేస్తుంది. ఆ తర్వాత తీసిన నీళ్ళలో పారదర్శకత తప్పు, ఆక్సిజన్ తప్పు, ప్లవకాల (నీళ్ళలో తేలే సూక్ష్మజీవుల) లెక్కా తప్పే. ల్యాబులో ఎంత మంచి పరికరం ఉన్నా ఆ తప్పును సరిచెయ్యలేదు. అందుకే ఫీల్డ్ పనికి ఒక వరస ఉంది. ముందు నీళ్ళు, తర్వాత ప్లవకాలు, ఆపైన అడుగు మట్టి, అన్నీ అయ్యాక వల. నీళ్ళలోనూ పై పొర శాంపిలు తీశాకే అడుగు శాంపిలు.

ఇక్కడ చెప్పేది మంచినీటి చెరువుకు, రిజర్వాయరుకు సరిపోయే పద్ధతి. ఉప్పునీటికి వెళితే లవణీయత కొలత అదనంగా చేరుతుంది, పరికరాల సైజు పెరుగుతుంది. వరస మాత్రం మారదు.

ముందు రోజు సాయంత్రం

ఫీల్డ్ పని సగం ఇక్కడే తేలిపోతుంది. పీహెచ్ మీటరును ముందు 7 బఫర్‌తో (పీహెచ్ ముందే తెలిసిన ద్రావణంతో), తర్వాత 10 బఫర్‌తో సరిచూడండి. చెరువు నీళ్ళు ఎక్కువగా 7కీ 9కీ మధ్యే ఉంటాయి కాబట్టి ఈ జత నప్పుతుంది. 10 బఫర్ సీసా మూత తీసి చాలా రోజులైతే అది గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుని కిందికి దిగుతుంది. పాత బఫర్‌తో సరిచూసిన మీటరు అబద్ధాన్ని ధీమాగా చెబుతుంది. ఎలక్ట్రోడ్‌ను డిస్టిల్డ్ వాటర్‌లో ఉంచకండి. 3 మోలార్ పొటాషియం క్లోరైడ్ ద్రావణంలో ఉంచాలి. ఆక్సిజన్ మీటరు పొర రకందైతే పొర కింద గాలి బుడగ ఉందేమో వెలుతురుకు పెట్టి చూడండి. రీడింగ్ నిలకడగా ఉండకపోవడానికి ఎక్కువసార్లు ఆ బుడగే కారణం.

లేబుళ్ళు ఇంట్లోనే రాసుకోవాలి. మందపాటి ట్రేసింగ్ పేపరు ముక్కల మీద పెన్సిల్‌తో 1 నుంచి 100 దాకా అంకెలు వేసి డబ్బాలో పెట్టుకోండి. బాల్ పెన్ను, మార్కరు ఆల్కహాల్‌లో పడితే కరిగిపోతాయి, పెన్సిల్ గీత నిలుస్తుంది. లేబుల్ సీసా లోపలే ఉండాలి. బయట అంటించింది అదనపు జాగ్రత్త మాత్రమే, తడికి అది ఊడిపోతుంది.

డేటా షీటు గడుల విషయంలో ఒక నియమం అందరూ ఒప్పుకుని బయల్దేరాలి. వెతికి చూశాం, ఏమీ లేదు అంటే సున్నా. అసలు చూడలేదు అంటే అడ్డగీత. ఖాళీ గడి మాత్రం ఎక్కడా మిగలకూడదు. ఆరు నెలల తర్వాత ఖాళీ గడి చూసి అది సున్నానో, మరిచిపోయిందో ఎవరూ చెప్పలేరు.

చెరువు యజమాని అనుమతి, చేపలు పట్టడానికి కావాల్సిన అధికారిక అనుమతి చేతిలో ఉండాలి. లైఫ్ జాకెట్ల లెక్క మనుషుల లెక్కతో సరిపోవాలి. నీళ్ళలోకి ఇద్దరికి తక్కువగా దిగకూడదు. ఛాతీ దాకా వచ్చే వేడర్ (నీళ్ళు చొరని తొడుగు) వేసుకుంటే నడుముకు బెల్టు బిగించాలి. బెల్టు లేకుండా పడితే లోపలికి నీళ్ళు నిండి లేవడం కష్టమవుతుంది.

గట్టు మీద మొదటి పది నిమిషాలు

పరికరాలు విప్పకముందే టైము, మబ్బు, గాలి దిక్కు, నీటి రంగు, నిన్న వాన పడిందా లేదా రాయండి. వీటిలో టైము అన్నిటికంటే ముఖ్యం. ప్లవకాలు బాగా ఉన్న చెరువులో తెల్లవారుజామున 7.5 ఉన్న పీహెచ్ మధ్యాహ్నానికి 9 దాటవచ్చు. ఎండలో ప్లవకాలు కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకోవడమే ఇందుకు కారణం. ఆక్సిజన్ కూడా అంతే, సూర్యోదయానికి కాస్త ముందు బాగా తక్కువ, మధ్యాహ్నం తర్వాత బాగా ఎక్కువ. టైము రాయని ఆక్సిజన్ అంకె ఎందుకూ పనికిరాదు.

శాంపిలు చోట్లు తూము దగ్గర, మేత వేసే చోట, ఏరేటర్ (నీళ్ళకు గాలి పట్టించే యంత్రం) పక్కన పెట్టకండి. గాలి ఒక మూలకు తోసిన నాచు తెట్టు దగ్గరా వద్దు. కనీసం మూడు చోట్లు ఎంచుకుని, మళ్ళీ వచ్చినప్పుడు అవే దొరికేలా జీపీఎస్ అంకెలు రాసుకోండి.

పారదర్శకత కొలిచే సెక్కి డిస్క్ పని త్వరగా అయిపోతుంది. 20 సెంటీమీటర్ల పళ్ళెం, నలుపు తెలుపు పావులు. 1865లో ఇటలీకి చెందిన ఆంజెలో సెక్కి సముద్రంలో పరీక్షించిన పద్ధతి ఇంతకాలమూ నిలిచిందంటే, దానికి బ్యాటరీ అక్కర్లేకపోవడం కూడా ఒక కారణమే. పడవకు నీడ ఉన్న వైపు దించండి, చలవ కళ్ళద్దాలు తీసెయ్యండి. పళ్ళెం కనబడకుండా పోయిన లోతు, పైకి లాగుతుంటే మళ్ళీ కనబడిన లోతు, రెండిటి సగటు రాయండి. పెంపకం చెరువులో 30–40 సెంటీమీటర్లు మంచి సూచన. అయితే 20 సెంటీమీటర్లకే పళ్ళెం మాయమైతే అది ప్లవకాల వల్లనా, బురద వల్లనా అన్నది పక్కన రాయాలి. గాజు గ్లాసులో నీళ్ళు పట్టి కాసేపు కదపకుండా ఉంచితే ఆకుపచ్చ కణాలు కనబడుతున్నాయో, మట్టి అడుక్కి దిగుతోందో తెలిసిపోతుంది.

ఆక్సిజన్: విన్‌క్లర్ పద్ధతి

మీటరు ఉన్నా, నీళ్ళలో కరిగిన ఆక్సిజన్‌ను రసాయనాలతో కొలిచే ఈ పద్ధతి చేతికి రావాలి. మీటరు మీద అనుమానం వచ్చినప్పుడు తీర్పు చెప్పేది ఇదే. 1888 నుంచి నిలిచిన పద్ధతి, కానీ చెయ్యి తొందరపడితే ప్రతి మెట్టులోనూ తప్పు దొర్లుతుంది. యాసిడ్ వాడతాం కాబట్టి చేతి తొడుగులు, కళ్ళకు గాగుల్స్ తప్పనిసరి.

1. 300 మిల్లీలీటర్ల బీఓడీ సీసా (ఆక్సిజన్ పరీక్షకు వాడే బిగుతు మూత సీసా) తీసుకోండి. శాంప్లర్ (కావాల్సిన లోతు నుంచి నీళ్ళు పట్టే పరికరం) రబ్బరు గొట్టాన్ని సీసా అడుగు దాకా దించి నెమ్మదిగా నింపండి. నిండాక ఆపకుండా, సీసాకు రెండు మూడింతల నీళ్ళు పొర్లిపోనిచ్చి గొట్టాన్ని మెల్లగా పైకి తీయండి. సీసాను నేరుగా చెరువులో ముంచితే బుడబుడమంటూ గాలి లోపలికి పోతుంది. ఆ గాలే తర్వాత ఆక్సిజన్‌గా లెక్కకు వస్తుంది. మూత పెట్టాక సీసాను తలకిందులు చేసి చూడండి. చిన్న బుడగ కనబడినా పారబోసి మళ్ళీ పట్టాలి.

2. మూత తీసి 1 మిల్లీలీటరు మాంగనస్ సల్ఫేట్, తర్వాత 1 మిల్లీలీటరు ఆల్కలైన్ అయొడైడ్ అజైడ్ కలపండి. పిపెట్ కొన నీటి మట్టానికి కొంచెం కింద ఉండాలి. రెండిటికీ వేర్వేరు పిపెట్లు వాడాలి. ఒకటే వాడితే రియేజెంటు సీసాలోనే గడ్డలు కట్టి ఆ రోజు పని ఆగిపోతుంది. మూత పెట్టేటప్పుడు 2 మిల్లీలీటర్లు పొర్లుతుంది, అది లెక్కలో ఉన్నదే.

3. పదిహేనుసార్లు తలకిందులు చేస్తూ కలపండి. గోధుమ రంగు అవక్షేపం కడితే ఆక్సిజన్ ఉన్నట్టు. పాలలా తెల్లగా ఉండిపోతే ఆక్సిజన్ లేనట్టు, లోతైన చెరువు అడుగు నీళ్ళలో ఇది కనబడుతుంది. అవక్షేపం సగానికి దిగాక ఇంకోసారి కలిపి మళ్ళీ దిగనివ్వండి.

4. 1 మిల్లీలీటరు గాఢ సల్ఫ్యూరిక్ యాసిడ్‌ను మెడ గోడ వెంట జారవిడిచి, మూత పెట్టి, అవక్షేపం పూర్తిగా కరిగేదాకా కలపండి. నీళ్ళు పసుపు నుంచి గోధుమ రంగుకు వస్తాయి. ఇక్కడితో శాంపిలు నిలిచినట్టే. ఎండ తగలకుండా పెట్టెలో పెట్టి 8 గంటల లోపు టైట్రేషన్ (బలం తెలిసిన ద్రావణాన్ని చుక్కలుగా కలిపి కొలవడం) చెయ్యవచ్చు.

5. 201 మిల్లీలీటర్లు ఫ్లాస్కులో పోసుకుని 0.025 నార్మల్ సోడియం థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చెయ్యండి. రంగు ఎండుగడ్డి రంగుకు వచ్చాకే స్టార్చ్ వెయ్యాలి. ముందే వేస్తే అయొడిన్ దానికి గట్టిగా పట్టుకుని చివరి బిందువు తేలదు. నీలం మొదటిసారి పోయిన చోట ఆపండి. ఖర్చయిన ప్రతి మిల్లీలీటరూ లీటరుకు 1 మిల్లీగ్రాము ఆక్సిజన్. కాసేపటికి నీలం తిరిగి వచ్చినా దాని వెంట పడవద్దు.

రియేజెంట్లు కలిపినప్పుడు పొర్లిపోయిన 2 మిల్లీలీటర్ల కోసమే 200కు బదులు 201. థయోసల్ఫేట్ బలం నిలవ ఉన్నకొద్దీ మారుతుంది కాబట్టి ఫీల్డ్‌కు ముందు దాన్ని ప్రామాణికం చేసుకోవాలి.

అంకె రాగానే దాన్ని ప్రశ్నించండి. సముద్రమట్టం దగ్గర మంచినీళ్ళు 25 డిగ్రీల దగ్గర 8.3, 30 డిగ్రీల దగ్గర 7.6 మిల్లీగ్రాముల దాకా ఆక్సిజన్ పట్టుకోగలవు. మధ్యాహ్నం మూడింటికి పచ్చటి చెరువులో 11 వస్తే నమ్మవచ్చు, అది ప్లవకాల పని. తెల్లవారుజామున 29 డిగ్రీల నీళ్ళలో 9 వస్తే సీసాలో బుడగ ఉందన్నమాట.

క్షారతకు (ఆమ్లాన్ని తట్టుకునే నీటి శక్తికి) 50 మిల్లీలీటర్ల శాంపిలు, 0.02 నార్మల్ సల్ఫ్యూరిక్ యాసిడ్, మిథైల్ ఆరెంజ్. ఖర్చయిన మిల్లీలీటర్లను 20తో గుణిస్తే కాల్షియం కార్బొనేట్ లెక్కలో లీటరుకు మిల్లీగ్రాములు. అమ్మోనియా కిట్ చూపించేది మొత్తం అమ్మోనియా. చేపకు విషం అందులో అయనీకరణం చెందని భాగమే. 25 డిగ్రీల దగ్గర పీహెచ్ 7 ఉంటే ఆ భాగం ఒక శాతం కంటే తక్కువ, 8 ఉంటే సుమారు 5 శాతం, 9 ఉంటే మూడో వంతు దాటుతుంది. కాబట్టి పీహెచ్, ఉష్ణోగ్రత అదే నిమిషంలో రాయకపోతే అమ్మోనియా అంకెతో ఏమీ తేల్చలేం.

ప్లవకాలు, అడుగు జీవులు

60 మైక్రాన్ల దగ్గరి ప్లవకాల వల, కొలత గీతలున్న బకెట్ చాలు. పడవ పక్కనుంచి నీళ్ళు తోడి 100 లీటర్లు వలలో పోయండి. ఎన్ని బకెట్లు పోశారో లెక్కపెట్టే పని ఒక్కరికే అప్పజెప్పాలి, ఇద్దరు లెక్కపెడితే రెండు అంకెలు వస్తాయి. చివర వల గోడల్ని బయటి వైపు నుంచి నీళ్ళు చల్లి కడగాలి. లోపలి నుంచి పోస్తే ఆ నీళ్ళలోని జీవులు కూడా లెక్కలో చేరతాయి. శాంపిలును 50 మిల్లీలీటర్లకు తెచ్చి, జంతు ప్లవకాలకు 4–5 శాతం ఫార్మలిన్ (శాంపిలు చెడకుండా ఉంచే ఫార్మాల్డిహైడ్ ద్రావణం) కలపండి. వృక్ష ప్లవకాల్లో చాలా చిన్నవి ఈ వల కన్నుల్లోంచి జారిపోతాయి కాబట్టి వాటికి వడకట్టని నీళ్ళు విడిగా పట్టి, పలచటి టీ రంగు వచ్చేదాకా లుగాల్ అయొడిన్ చుక్కలు వెయ్యాలి.

సూక్ష్మదర్శిని కింద ప్లవకాల్ని లెక్కపెట్టే సెడ్జ్‌విక్ రాఫ్టర్ పలక 50 మిల్లీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 1 లోతు, అంటే సరిగ్గా 1 మిల్లీలీటరు పడుతుంది. అందులో 120 జీవులు కనబడ్డాయనుకుందాం. 50 మిల్లీలీటర్లలో 6,000. అవి 100 లీటర్ల నీళ్ళవి కాబట్టి లీటరుకు 60.

అడుగు మట్టికి ఎక్మన్ గ్రాబ్ (దవడలతో మట్టిని పట్టే పరికరం) మెత్తటి బురదలో బాగా పనిచేస్తుంది. ఇసుక, గులకరాళ్ళ మీద దాని దవడలు మూసుకోవు, అక్కడ బరువైన వాన్ వీన్ గ్రాబ్ కావాలి. పైకి తీశాక దవడల మధ్య పుల్లో ఆకో ఇరుక్కుని ఉంటే మట్టి దారిలోనే జారిపోయినట్టు. ఆ శాంపిలు వదిలేసి, కాస్త పక్కన మళ్ళీ వెయ్యండి. 500 మైక్రాన్ల జల్లెడలో కడిగి తెల్లటి ట్రేలో ఏరాలి. తెలుపు మీద కైరోనోమిడ్ ఎర్ర పురుగులు మెలికలు తిరుగుతూ వాటంతటవే కనబడతాయి. చచ్చాక ఏరడం మూడింతల పని, కాబట్టి ఏరేది ఆ రోజే ఏరండి. 15×15 సెంటీమీటర్ల గ్రాబ్ అయితే లెక్కను 44.4తో గుణించాలి. తొమ్మిది పురుగులు దొరికితే చదరపు మీటరుకు 400.

వల

వల కన్ను కొలతను రెండు రకాలుగా చెబుతారు. ముడి నుంచి పక్క ముడికి ఒక పద్ధతి, కన్నును బిగలాగి ఎదురెదురు ముడుల మధ్య కొలవడం ఇంకో పద్ధతి. రెండోది మొదటిదానికి రెట్టింపు. ఏ పద్ధతో రాయకుండా 40 మిల్లీమీటర్లు అని వదిలేస్తే ఆ డేటాను ఇంకెవరి డేటాతోనూ పోల్చలేరు.

గిల్ నెట్ (చేప మొప్పల దగ్గర చిక్కుకునే వల) ఒక కన్ను సైజుకు ఒక సైజు చేపనే ఎక్కువగా పడుతుంది. అంతకంటే చిన్నది దూరి పోతుంది, పెద్దది తల దూర్చలేక వెనక్కి తిరుగుతుంది. ఒకే కన్ను వల వేసి, ఈ రిజర్వాయరులో అన్నీ ఒకే వయసు చేపలున్నాయి అని రాసే రిపోర్టులు తరచూ కనబడతాయి. అది చేపల సంగతి కాదు, వల సంగతి. నార్డిక్ బహుళ కన్నుల వలను ఈ లోపం తగ్గించడానికే రూపొందించారు. 30 మీటర్ల పొడవు, 1.5 మీటర్ల ఎత్తు, ముడి నుంచి ముడికి 5 నుంచి 55 మిల్లీమీటర్ల దాకా పన్నెండు రకాల కన్నులు. అది దొరకకపోతే మూడు నాలుగు సైజుల వలల్ని ఒకే పొడవు ముక్కలుగా కలిపి వాడవచ్చు. ఏ చేప ఏ కన్నులో పడిందో తప్పకుండా రాయాలి.

వల వేసిన టైము, ఎత్తిన టైము, వల విస్తీర్ణం లేకుండా పడిన చేపల బరువు ఒక్కటే రాస్తే దానికి అర్థం లేదు. 45 చదరపు మీటర్ల వల రాత్రంతా ఉంచితే 1.8 కిలోలు పడిందనుకోండి, 100 చదరపు మీటర్లకు రాత్రికి 4 కిలోలు. ఏమీ పడని వలకు సున్నా రాయాలి. పడిన వలల్నే లెక్కేస్తే సగటు ఉత్తినే పెరిగిపోతుంది. వెచ్చటి నీళ్ళలో వలను ఎక్కువసేపు ఉంచితే పీతలు, తాబేళ్ళు చేపల్ని కొరికేస్తాయి, కడుపులో మేత కూడా అరిగిపోతుంది. మేత పరీక్ష చెయ్యాలంటే రెండు గంటలకోసారి వల చూడాల్సిందే.

పెంపకం చెరువులో సగటు బరువు కోసమైతే విసురు వల చాలు, కానీ మేత వేసే చోటే విసరకండి. అక్కడికి ముందు చేరేవి బలిసిన చేపలు. నాలుగైదు చోట్ల విసిరి, పడినవన్నీ తూచాలి. వదిలిన 5,000 పిల్లల్లో 80 శాతం బతికాయని అంచనా, సగటు 250 గ్రాములు అయితే చెరువులో 1,000 కిలోల చేప ఉన్నట్టు. మేత 2 శాతం అనుకుంటే రోజుకు 20 కిలోలు. ఈ లెక్కలో బలహీనమైన అంకె ఆ 80 శాతమే, సగటు బరువు కాదు.

ప్రాణంతో వదలాల్సిన చేపల్ని తడి చేతులతోనే పట్టుకోవాలి. పొడి చెయ్యి తగిలితే పైనున్న జిగురు పొర ఊడి, ఆ చోట బూజు పడుతుంది. మత్తుకు లవంగ నూనె లీటరుకు 40–60 మిల్లీగ్రాములు. నేరుగా నీళ్ళలో వేస్తే పైన తేలిపోతుంది కాబట్టి ముందు తొమ్మిది వంతుల ఆల్కహాల్‌లో కలపాలి. మొదట రెండు చేపల మీద చూసి, తర్వాత మిగతావి. తినడానికి పోయే చేపలకు ఇది వాడకూడదు.

కొలిచే బల్ల దగ్గర

ఇద్దరు కావాలి. ఒకరు కొలుస్తారు, ఒకరు రాస్తారు. చేపను కుడి పక్కకు పడుకోబెట్టి, నోరు మూసి, ముట్టె అడ్డుపలకకు ఆనించాలి. నోరు తెరిచి ఉంటే అరసెంటీమీటరు దాకా తేడా వస్తుంది. మొత్తం పొడవా, తోక చీలిక దాకానా, వెన్నెముక చివరి దాకానా అన్నది షీటు పైన ముందే రాసి ఉండాలి. కొలిచేవారు ఇరవైనాలుగు పాయింట్ ఆరు అంటే, రాసేవారు పెన్సిల్ పెట్టకముందే ఆ అంకెను తిరిగి పైకి చెప్పాలి. గాలి హోరులో ఆరు, నూరు, ఏడు అన్నీ ఒకేలా వినబడతాయి.

అలసిపోయేకొద్దీ కళ్ళు గీతల మధ్య అంకెను చదవడం మానేసి .0కో .5కో జారిపోతాయి. షీటులో చివరి అంకెల్ని ఒకసారి కిందికి చూడండి. వరసగా 5లు, 0లే కనబడితే కొలిచే మనిషిని మార్చాలి.

తూచేముందు గుడ్డతో నీళ్ళు అద్దాలి. 10 గ్రాముల చేప మీద 1 గ్రాము నీళ్ళు నిలిస్తే 10 శాతం తప్పు. ఫార్మలిన్‌లో పెట్టిన చేప కుంచించుకుపోతుంది కాబట్టి పొడవు, బరువు తాజాగా ఉన్నప్పుడే తీయాలి.

జన్యు పరీక్షకు రెక్క ముక్క కావాలంటే, ఫార్మలిన్ తగలకముందే కత్తిరించి 95 శాతం ఆల్కహాల్‌లో వెయ్యాలి. ఫార్మలిన్ డీఎన్‌ఏను పాడుచేస్తుంది. పొలుసులు వీపు రెక్క కింద, పార్శ్వరేఖకు పైన, ఎడమ పక్క నుంచి ఎనిమిది పది తీయండి. నడుమ వలయాలు లేకుండా గరుగ్గా కనబడేవి ఊడిపోయి తిరిగి పెరిగిన పొలుసులు, వాటితో వయసు తేలదు. చెవిరాళ్ళు (వయసు తేల్చడానికి వాడే, చేప లోపలి చెవిలోని గట్టి ముక్కలు) తీస్తే కడిగి, ఆరబెట్టి పొడి గొట్టంలో పెట్టాలి. ఫార్మలిన్ ఆమ్లగుణం వాటిని కరిగిస్తుంది. కార్ప్ జాతుల్లో సాజిటా అనే చెవిరాయి సూదిలా సన్నగా విరిగిపోయేలా ఉంటుంది, అందుకే వాటికి లాపిల్లస్, ఆస్టెరిస్కస్ అనే మిగతా చెవిరాళ్ళలో ఒకదాన్ని చూస్తారు.

కార్ప్‌లకు కడుపు సంచి అంటూ ఉండదు. కడుపు ఖాళీ అని రాసేముందు ఇది గుర్తుండాలి, వాటిలో చూడాల్సింది పేగు ముందు భాగం. అండాశయం తూచి చేప బరువుతో భాగించి 100తో గుణిస్తే గొనాడ్ (జననగ్రంథి) సూచిక, 500 గ్రాముల చేపలో 60 గ్రాముల అండాశయం అంటే 12. గుడ్ల సంఖ్యకు ముందు, నడుమ, చివర భాగాల నుంచి ముక్కలు తీసుకోవాలి. మూడూ కలిపి 0.6 గ్రాములు, అందులో 540 గుడ్లు ఉంటే ఆ 60 గ్రాముల అండాశయంలో మొత్తం 54,000.

గుర్తింపు కోసం దాచే చేపలకు 10 శాతం ఫార్మలిన్. షాపులో దొరికే 37–40 శాతం ఫార్మాల్డిహైడ్‌నే పూర్తి ఫార్మలిన్‌గా లెక్కేసి, దాని ఒక వంతుకు తొమ్మిది వంతుల నీళ్ళు, రెండు లీటర్లకు ఒక చిన్న చెంచాడు బోరాక్స్. పెద్ద చేపకు కుడి పక్క పొట్ట కోయండి, ఎడమ పక్కను గుర్తింపుకు చెడకుండా ఉంచాలి. తోక వంగకుండా తల కిందికి ఉండేలా పెట్టండి. వారం తర్వాత బాగా కడిగి 70 శాతం ఆల్కహాల్‌లోకి మార్చాలి. ఫార్మాల్డిహైడ్ క్యాన్సర్ కారకం. మూసిన వ్యాన్‌లో, మూత వదులైన డబ్బాతో దాన్ని తేవద్దు.

అదే రోజు రాత్రి

డేటాను అదే రాత్రి కంప్యూటరులోకి ఎక్కించండి. ఒకరు చదివితే ఒకరు ఎక్కించాలి, షీటు ఫొటో కూడా తీసి ఉంచండి. తర్వాత పొడవు లాగరిథమ్ ఒక అక్షం మీద, బరువు లాగరిథమ్ ఇంకో అక్షం మీద వేసి చూడండి. చుక్కలన్నీ ఒక గీత వెంట నడుస్తాయి, ఆ గీత వాలు 3కు దగ్గరగా ఉంటుంది. గీతకు దూరంగా ఏదో ఒక చుక్క ఒంటరిగా నిలబడుతుంది. దాని నంబరు చూడండి. 43వ చేప, 24.6 సెంటీమీటర్లు, 18 గ్రాములు. అదే పొడవున్న మిగతావి 180 గ్రాముల చుట్టూ ఉన్నాయి. సున్నా జారిపోయిందని అనిపించినా, అనిపించింది కదా అని సున్నా చేర్చకూడదు. 43 నంబరు లేబుల్‌తో ఆ చేప ఇంకా ఐస్‌పెట్టెలోనే ఉంది, తీసి మళ్ళీ తూచండి.